మా పీఈటీ సార్ గురించి పది నిమిషాల్ల ఏం చెప్పాలె అక్కా?

ఉత్తరం: అక్కా నమస్తే. మాది నర్సంపేట దిక్కు ఒక ఊరు, ఇప్పుడు హన్మకొండల ఉంటున్న. హైస్కూల్ల మాకు పీఈటీగ ఉన్న సార్ పోయిన నెల చనిపోయిన్రు. ముప్పై ఏండ్లకు పైగ పనిచేసి రిటైరై, తర్వాత గుడ ఊర్లనే ఉండి పొద్దుగాల పిల్లలకు కబడ్డీ, ఖోఖో నేర్పుకుంటనే ఉన్నరు. టోర్నమెంట్ ముందురోజు రాత్రి మేమంత సార్ ఇంట్లనే పండుకునేటోళ్లం. ఇప్పుడు మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల 2 లక్షల 40 వేలు జమైనయి. సగం మంది బడి గేటు కాడ విగ్రహం అంటున్నరు, సగం మంది పెద్ద సభ, భోజనాలు అంటున్నరు. సభల సార్ జీవితం గురించి పది నిమిషాలు మాట్లాడాలె, చిన్న పుస్తకం గుడ రాయాలె అని నన్ను పట్టుకున్నరు. కూసుంటే "క్రమశిక్షణకు మారుపేరు" తప్ప పెన్ను ముందుకు పోతలేదు. ఇంకోటి, మా క్లాసోడే ఒకడు "సార్ నన్ను బరిగెతోని కొట్టిండు, టీంల గుడ తీసుకోలే, నేను పైసలియ్య, సభకు రాను" అని పెట్టి గ్రూపుల నుంచి వెళ్లిపోయిండు. ఇది రాయాల్నా వద్దా?

సమాధానం:

తమ్మీ, నీ పెన్ను ఆగిందంటే తప్పు పెన్నుది కాదు. నీకు తెలిసిన సార్ పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాక మెడల విజిల్ ఏసుకొని గ్రౌండ్‌ల నిలబడ్డ మనిషి, తర్వాత మళ్లా సాయంత్రం గంటసేపు. మిగిలిన పొద్దంత ఆయన ఏం చేసిండు, ఎట్ల బతికిండు, జీతం రాని నెల ఏం తిన్నడు, నీకు తెల్వదు. తెల్వని కాడ మనం క్రమశిక్షణ, నిబద్ధత, సేవాతత్పరత అని పెద్దపెద్ద మాటలు నింపుతం. ఆ మాటలు ఏ సార్‌కైనా అతుకుతయి, పోస్ట్‌మాన్‌కు గుడ అతుకుతయి. అందుకని కాయితం పక్కకు పెట్టి ముందుగాల నాలుగు ఇండ్లకు తిరుగు.

మొదలు మేడం దగ్గరికే, అంటే సార్ ఇంటామె దగ్గరికే పో. టోర్నమెంట్ ముందురోజు సార్ ఇంట్లనే పండుకునేటోళ్లం అని ఒక్క లైన్ రాసి ముందుకు ఉరికినవ్, నేనైతే ఆడనే ఆగిపోయిన. కబడ్డీ టీం అంటే ఆడేటోళ్లు 7, ఎక్స్‌ట్రాలు 5, మొత్తం 12 మంది పెరిగే పోరగాళ్లు. ఆ 12 మందికి రాత్రి అన్నం ఎవరు వండిన్రు? బియ్యం సార్ జీతంలకెల్లినా, మీ ఇండ్ల నుంచి తలా ఇన్ని తెచ్చిన్రా? మొదటి బస్సు అందాలంటే తెల్లారకముందే లేపి చాయి పోసి పంపింది ఎవరు? గెలిచొచ్చిన కప్పు బడిల అద్దాల బీరువల పెట్టిన్రు సరే, ఆ అంట్ల గిన్నెలు తోమిన మనిషి పేరు ఏ సర్టిఫికెట్ల ఉన్నది? నువ్వు మేడంను ఇది అడిగితే ఆమె చెప్పేది సగం పుస్తకం అయితది, నామాట నమ్ము. పోంగనే ఫోన్ తీసి రికార్డ్ పెట్టకు. ఒక పూట ఊకె కూసొనిరా, రెండోసారి పోయినప్పుడు "అమ్మా రికార్డ్ చేసుకోనా" అని అడుగు. "సార్ గురించి చెప్పుండ్రి" అంటే ఎవరైనా "మంచోడు బిడ్డా" అని ఊకుంటరు. "రిటైరైన తెల్లారి సార్ ఏం చేసిన్రు" అని అడుగు, "టీవీల కబడ్డీ వస్తే ఏమనేటోళ్లు" అని అడుగు. 2014ల ప్రో కబడ్డీ మొదలైనంక టీవీల ఆట మట్టి మీద గాదు, మ్యాట్ మీద, లైట్లు, బూట్లు, యాంకర్లు, బతుకంత మట్టి కోర్టుల గడిపిన మనిషి దాన్ని చూసి మురిసిండో గులిగిండో నాకైతే తెలుసుకోవాలనే ఉన్నది. 2025 జనవరిల ఢిల్లీల ఖోఖో వరల్డ్ కప్ అయితే మన మొగ టీం, ఆడ టీం రెండూ గెలిచినయి, అది సార్ చూసిన్రా అని గుడ అడుగు.

ఆడపిల్లల సంగతి నీ ఉత్తరంల ఒక్క ముక్క లేదు. ఖోఖో నేర్పిన్రు అన్నవ్ గదా, మన ఊర్ల బడుల ఆడపిల్లలు ఎక్కువ ఆడింది ఖోఖోనే. ఆ రోజుల్ల ఏడో తరగతి దాటిన పిల్లను గ్రౌండ్‌ల ఉరికించాలంటే ముందు ఆ పిల్ల తల్లిని ఒప్పియ్యాలె, తర్వాత నాయినమ్మను ఒప్పియ్యాలె, ఆ తర్వాత వాడకట్టును ఒప్పియ్యాలె. వేరే ఊరికి టోర్నమెంట్‌కు తీసుకపోవాలంటే తోడుగ ఒక లేడీ టీచర్ ఉండాలె, అప్పట్ల మన బడులల్ల లేడీ టీచర్ దొరుకుడే కష్టం. మరి సార్ ఎవరిని తీసుకపోయిన్రు? మేడమే పోయిందేమో, అడిగితే గని తెల్వదు. మీ బ్యాచ్ గ్రూపుల ఆడోళ్లు ఎంతమంది ఉన్నరో ఒకసారి చూస్కో. పెండ్లిళ్లై ఊర్లు మారి, ఇంటిపేర్లు మారి, నంబర్లు మారి వాళ్లు గ్రూపుల ఉండరు, మనం గుడ వెతకం. వాళ్లల్ల ఇద్దరు ముగ్గురిని పట్టుకుంటే నీకు తెల్వని ఇంకో సార్ దొరుకుతడు.

ఇగ ఆట సంగతి. పీఈటీ గురించి రాసేటోళ్లు చాలామంది ఆటను వదిలిపెట్టి మిగిలినయన్ని రాస్తరు. ఏం నేర్పిండు, ఎట్ల నేర్పిండు అది రాయి తమ్మీ. నేను గుడ సర్కారు బడిల తెలుగు చెప్పి రిటైరైనదాన్నే, మా బడిల పీఈటీ సార్ దగ్గర ఒక నూలుతాడు ఉండేది, దానికి లెక్క ప్రకారం ముళ్లు ఏసి పెట్టుకున్నడు. ఒక ముడి 10 మీటర్ల కాడ, ఒకటి 13 కాడ, అది కబడ్డీ కోర్టు వెడల్పు, పొడుగు. ఇంకో ముడి 3.75 కాడ, మధ్యగీత నుంచి బాక్ లైన్ దాక, అంటే కూతకు పోయినోడు దాటాల్సిన గీత దాక. ఆఖరి ముడి మాత్రం 16.4 మీటర్ల కాడ ఉండేది, అదెందుకో నాకు చాన రోజులు అర్థం కాలే. నాలుగు గీతలు కొట్టినంక ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగ తాడు పట్టి చూసేటోడు, ముడి సరిగ్గ మూల మీద పడితే కోర్టు చక్కగున్నట్టు, పడకుంటే గీతలు చెరిపి మళ్లా సున్నం పోసుడే. 13ను 13తోని, 10ని 10తోని గుణించి కలుపు, 269 వస్తది, దాని వర్గమూలం 16.4. లెక్కల సార్ నల్లబోర్డు మీద చెప్పిన పైథాగరస్ మా పిల్లలకు ఆ తాడు చూసినంకనే సమజైంది, ఈ మాట లెక్కల సార్ ముందల అనొద్దు. మీ సార్ దేనితోని గీతలు కొట్టిండు? అడుగులతోని కొలిచిండా, టేపు ఉండెనా? వానకాలం కోర్టు బురదైతే ఏం చేసిండు? రైడర్‌కు ఉండేది 30 సెకండ్లే, అండ్లకెల్లి ఎన్ని సెకండ్లు ఊకె తిరగమనేటోడు, ఎప్పుడు కాలు ఎయ్యమనేటోడు? కార్నర్‌ల ఉండేటోనికి చీలమండ పట్టుడు ఎట్ల నేర్పిండు? ఖోఖోల కూసున్న పిల్లకు వెనుకకెల్లి వీపు తాకి ఖో చెప్పేదాక లేవొద్దు అనే రూలు, ఆత్రంగ లేచే పిల్లను ఎట్ల ఆపిండు? ఇవి మీ టీంమేట్లు కాళ్లుచేతులు ఆడిచ్చుకుంట చెప్తరు, అప్పుడు రికార్డర్ గాదు వీడియో పెట్టు.

సంవత్సరాల కాడ జర పైలం. మనోళ్లను "సార్ ఊరికి ఎప్పుడొచ్చిండు" అంటే ఏడాది చెప్పరు, కానీ "ఎన్టీఆర్ గెలిచిన యాడాదికి ముందా వెనుకనా" అంటే చెప్తరు, అది 1983. "గోదారి పెద్దగొచ్చినప్పుడా" అంటే 1986 ఆగస్టు. "మేడారం జాతర అయిన ఏడు" అంటే అది రెండేండ్లకొకసారి వచ్చేదే గనుక ఇంకో గురుతుతోని కలిపి చూస్కోవాలె. "సకల జనుల సమ్మెల సార్ గ్రౌండ్‌కు వచ్చేటోడా" అంటే 2011. ఇట్ల అడిగినయన్ని రాసుకొని మేడం దగ్గర సర్వీస్ రిజిస్టర్ కాపీ గని, పెన్షన్ కాయితాలు గని ఉంటే వాటితోని పోల్చుకో. జాయినింగ్, ట్రాన్స్‌ఫర్లు, రిటైర్మెంట్ తారీఖులకు అదే పక్కా. ఒక్క పుట్టినరోజు మాత్రం రిజిస్టర్ల ఉన్నది నిజమనుకోకు, ఆ తరంల బడిల చేర్పించినరోజు హెడ్మాస్టర్ జూన్ 1 అనో జూలై 1 అనో రాసిందే చానమందికి పుట్టినరోజు అయింది. ఇంట్ల అడిగి రెండూ రాయి.

ఇంకో మాట, ఇప్పటి పిల్లలు చదువుతరు గనుక చెప్తున్న. మీ సార్ "జిల్లా టీం" తీసుకపోయిన్రు అంటే 2016 అక్టోబర్ కంటె ముందటి వరంగల్ జిల్లా, అంటే జనగామ నుంచి ఏటూరునాగారం దాక, ఇప్పటి ఆరు జిల్లాల పిల్లలల్ల గెలిచి నిలబడ్డ టీం. "స్టేట్ మీట్" అంటే 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్. ఇది ఒక్క లైన్ల చెప్పకుంటే మండలం, జోన్, జిల్లా దాటి పోయిన పిల్లగాని కష్టం ఎవ్వరికి అర్థం కాదు. మీ దిక్కు ఆ రోజులు ఎట్లుండెనో నీకే గుర్తుంటది, చీకట్ల పది మంది పోరగాళ్లు ఒక్క కాడ కనిపిస్తే ఎవర్రా అని అడిగేటోళ్లు రెండు దిక్కుల ఉండిరి, అటు పోలీసులు, ఇటు నక్సలైట్లు. అసొంటప్పుడు తెల్లారకముందే ప్రాక్టీస్ ఎట్ల నడిపిండు, ఆపిండా, టైం మార్చిండా, ఎవరితోనన్న మాట్లాడిండా? ఊరి పెద్దమనుషులను అడుగు, చెప్తే రాయి, చెప్పకుంటే గుచ్చిగుచ్చి అడగకు.

సార్‌ను గొప్పోన్ని చేద్దామని లేని చాంపియన్లను మాత్రం పుట్టియ్యకు. సభలల్ల ఇది బాగ అయితది, ఒకడు మైకు పట్టుకొని "ఎందరో జాతీయ క్రీడాకారులను" అంటడు, ఆ ఎందరో ఎవరో ఎవ్వరికి తెల్వదు. మన పక్కన పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవాంజి దీప్తిని చూడు, 2024ల జపాన్ కోబెల పారా అథ్లెటిక్స్‌ల 400 మీటర్లు 55.07 సెకండ్లల ఉరికి తన విభాగంల అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది, అదే ఏడు ప్యారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది. కోచ్ నాగపురి రమేశ్ ఎవరో ఆటలు చూసేటోళ్లకు తెలుసు, ఆయనకు ద్రోణాచార్య అవార్డు ఉన్నది. కానీ ఆయన దాక పోకముందు బడిల ఆ పిల్ల ఉరుకుడు చూసి ఇది మామూలు ఉరుకుడు గాదు అని గుర్తుపట్టింది ఒక పీఈటీ. అసొంటి పిల్ల పీఈటీలందరికి దొరకదు. దొరకకపోయినా ముప్పై ఏండ్లు రోజు పొద్దున గ్రౌండ్‌కు వచ్చుడు ఉన్నది చూడు, మీ సార్ కథ అదే. ఆయన పిల్లలు చానమంది మండలం కాడనే ఓడిపోయి ఉంటరు. కొందరు స్పోర్ట్స్ కోటాల ఉద్యోగం కొట్టి ఉంటరు, కొందరు కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు సార్ దగ్గరనే ఉరికి ఉంటరు. రిటైరైనంక గుడ నేర్పిన్రు అన్నవ్ గదా, 2022 పోలీసు నోటిఫికేషన్ల మొగోళ్లకు పాత 800 మీటర్ల పరుగు తీసేసి 1600 చేసిన్రు, అప్పుడు ఊరి పోరగాళ్లు ఎవరి దగ్గరికి పోయిన్రో కనుక్కో. అవి రాస్తే చాలు.

ఇప్పుడు నీ దోస్తు సంగతి. రాయాలె. ఎట్ల రాయాల్నో వాన్ని అడిగి రాయాలె. గ్రూపుల మళ్లా యాడ్ చేసి "అట్లంటవేందిరా, పోయినోని మీద" అని అందరు మీద పడకుండ్రి, నువ్వొక్కనివే ఇంటికి పో. ఒప్పిద్దామని పోకు, వినేటందుకు పో. ఎందుకు కొట్టిండు, ఎన్నో తరగతి, ఎవరి ముందల, ఆ తర్వాత సార్ ఎప్పుడన్న ఆ మాట ఎత్తిండా, అన్ని చెప్పనియ్యి. వాడు ఊకుంటే నువ్వు గుడ ఊకో. అప్పట్ల అందరు సార్లు కొట్టేటోళ్లు అనేది నిజమే, బడిల పిల్లలను కొట్టొద్దు అని దేశమంతటికి కలిపి విద్యాహక్కు చట్టంల రాసిందే 2009ల. కానీ అది వాని దెబ్బకు జవాబు గాదు. "కొట్టినందుకే బాగుపడ్డం" అనే మాట సభల ఎవ్వరు అనకుండ చూడు, నాకు ఆ మాట వింటేనే కాలుతది, బాగుపడనోడు సభకు రాడు గనుక ఆ లెక్క ఎప్పుడూ మనకే గెలుస్తది. వాడు సరే అంటే పుస్తకంల వాని పేరు లేకుండ సార్ చేతిల బరిగె ఉండేదని, ఆ దెబ్బ ఇప్పటికీ మర్చిపోనోళ్లు ఉన్నరని రాయి. వద్దంటే వాని సంగతి వదిలెయ్యి, బరిగె సంగతి మాత్రం వదలకు. టీంల తీసుకోని బాధ ఇంక పెద్దది. పొద్దున గ్రౌండ్‌కు యాభై మంది వచ్చిన్రనుకో, టీంల పడేది 12 మంది, ఇంటికి పోయేది 38 మంది. సార్‌ను గుర్తుపెట్టుకున్నోళ్లల్ల ఎక్కువమంది ఆ 38ల ఉన్నోళ్లే, వాళ్లను ఎవ్వరు స్టేజి మీదికి పిలువరు. వాళ్లకు సార్ ఏం పని చెప్పిండు? లైన్‌మన్‌గ పెట్టిండా, స్కోరు రాయమన్నడా, రేపు గుడ రమ్మన్నడా, లేకుంటే మొఖం గుడ చూడలేదా? నీ దోస్తుకు జరిగింది ఒక్కనికా చానమందికా అనేది అక్కడ తేలుతది.

విగ్రహం నాకు ఇష్టం లేదు, ముందుగాలనే చెప్తున్న. విగ్రహం చేసేటోనికి మీరిచ్చే ఫోటో సార్ రిటైర్మెంట్ నాడు శాలువ కప్పుకొని దండల నడుమ ఉక్కపోతల కూసున్నది, అది చూసి వాడు చేస్తే ఏ నాయకునిదో అనుకుంటరు. గేటు బయట రోడ్డు మీద పెడదామంటే పర్మిషన్ రాదు, రోడ్లు, ఫుట్‌పాత్‌లు, జనం వాడుకునే జాగలల్ల కొత్త విగ్రహాలకు పర్మిషన్ ఇయ్యొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలనే చెప్పింది. లోపల పెడదామంటే సర్కారు బడి, హెడ్మాస్టర్ నుంచి జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీసు దాక తిరగాలె. అదంత అయినంక దిమ్మె, రంగు, ప్రారంభోత్సవం అని పైసలన్ని అండ్లనే ఒడుస్తయి. గంటసేపు భోజనాల కోసం రెండు లక్షలు పెట్టుడు గుడ నాకు నచ్చలే. సభకు టెంటు, చాయి, ఉప్మా చాలు. సభకు, పుస్తకానికి కలిపి 40 వేలు పక్కకు తీసి మిగిలిన 2 లక్షలు ఎఫ్‌డీ చెయ్యుండ్రి, ఆరున్నర శాతం దొరికితే ఏడాదికి 13 వేలు మిత్తి వస్తది, అసలు కదలదు. ఆ మిత్తితోని ఒక ఏడు కబడ్డీ పిల్లలకు జెర్సీలు, ఒక ఏడు ఖోఖో పిల్లలకు బస్ చార్జీలు, గుడ్లు, అరటిపండ్లు, గ్రౌండ్‌ల ఇంత ఇసుక. సార్ పేరు జెర్సీ వెనుక చిన్నగ ఉంటే చాలు, ముందల బడి పేరే ఉండాలె. పైసలు ఒక్కని అకౌంట్ల పెట్టకుండ్రి, ఎంత దోస్తైనా సరే, నాలుగేండ్లకు దోస్తానం పైసలు రెండూ పోతయి. సొసైటీ రిజిస్టర్ చేస్తే మంచిది, కనీసం ఏడుగురు మెంబర్లు కావాలె. ఆ ఏడుగురిల ఇద్దరన్న ఆడోళ్లు ఉండాలె, ఊర్లనే ఉండేటోళ్లు ఇద్దరుండాలె, అమెరికాల ఉండి సలహాలిచ్చేటోడు ఒక్కడు చాలు. ఇదంత మేడంకు, పిల్లలకు ముందే చెప్పుండ్రి, ఆయన పేరు వాళ్ల ఇంటి పేరు.

ఏటేటా పోటీలు పెడదామంటే సెప్టెంబర్ 5 వద్దు, ఆ రోజు బడిల వేరే హడావుడి. ఆగస్టు 29 ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, క్రీడా దినోత్సవం, వినడానికి బాగుంటది గని మన దిక్కు అప్పుడు మట్టి కోర్టు బురద మడి. సంక్రాంతి సెలవులల్ల పెట్టుకోండ్రి, నేల ఎండి ఉంటది, పట్నం నుంచి ఊరికొచ్చేటోళ్లు వస్తరు, చలికి పిల్లలు మంచిగ ఉరుకుతరు.

ఇగ పది నిమిషాల మాట. చేతిరాతల నాలుగు పేజీలు దాటనియ్యకు. పుట్టిండు, చదివిండు, చేరిండు అనేది నాలుగు లైన్లల ఒడగొట్టు, అది పుస్తకంల ఉంటది. మేడం చెప్పిందాంట్ల ఒక సంగతి, ఆడపిల్లలు చెప్పిందాంట్ల ఒకటి, ఆట నేర్పిందాంట్ల ఒకటి తీసుకొని వాటినే నింపాదిగ చెప్పు. "రాత్రి సార్ ఇంట్ల 12 మందిమి పండుకుంటే మేడం రెండుసార్లు పొయ్యి ముట్టిచ్చేది" అని మొదలుపెట్టు, అది నిజమైతేనే. నీ తర్వాత ఖోఖో ఆడిన ఆమె ఎవరన్న మాట్లాడాలె, లీడర్లు ఉంటే ఆ తర్వాత. చీఫ్ గెస్ట్ గంట లేటని ఎదురుచూడకుండ్రి, పెద్దమనుషులు ఎండకు వచ్చి కూసుంటరు. స్టేజి మీద మేడంకు కుర్చీ ఎయ్యుండ్రి, మాట్లాడమని బలవంతం చెయ్యకుండ్రి.

పుస్తకం నలభై పేజీలు మించనియ్యకు. పాత గ్రూప్ ఫోటోలు ఎయ్యి, ఒక్కో ఫోటో కింద ఎడమ నుంచి కుడికి పేర్లు రాయి. పేరు దొరకనోళ్లను "తదితరులు" అనకు, ఫోటో గ్రూపుల పెట్టి అడుగు, ఊర్ల పాత అటెండర్ ఉంటే ఆయనను అడుగు, ఆయనకు అందరు యాదికుంటరు. ప్రింటుకు ఇచ్చేముందు పేర్లు, ఊర్లు, సంవత్సరాలు ఉన్న పేజీలన్ని మేడంకు ఒకసారి చదివి వినిపియ్యి, ఆమె తీసెయ్యమన్నది తీసెయ్యి, ఎందుకని అడగకు. నీ దోస్తుకు గుడ వాని లైన్ ఉన్న పేజీ ముందే పంపు.